ఊరికి దూరం నుంచే దండం

ఈమధ్య మనవాళ్లలో కొత్త రకం కరుణ ఒకటి పుట్టింది. దానికి నాలుగు చక్రాలు, ఒక సన్‌రూఫ్, వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్లతో ఇద్దరు పిల్లలు ఉంటారు. వరసగా మూడు రోజులు సెలవులొస్తే చాలు, తెల్లారుజామునే హైదరాబాద్‌లో బయల్దేరుతుంది. ఎక్కడో మారుమూల పట్నంలో మూతపడ్డ సినిమా హాలు కనబడగానే సడెన్ బ్రేకు వేస్తుంది. "అయ్యో, ఎట్లాంటి ఊరు ఎట్లా అయిపోయింది!" అని నిట్టూరుస్తుంది. పగిలిన టికెట్ కిటికీ దగ్గర భార్యని నిలబెట్టి ఫోటో తీస్తుంది. ఫోటోకి పాతకాలపు రంగు పులుముతుంది. కింద రెండు లైన్ల కవిత్వం, మూడు హ్యాష్‌ట్యాగులు. ఆ పైన ఆ ఊళ్లో ఒక గోలీసోడా అయినా తాగకుండా మళ్లీ హైవే ఎక్కి, ఫుడ్ ప్లాజాలో ఏసీ కింద కూర్చుని, రెండొందల చిల్లర పోసి కాఫీ తాగుతుంది. తాగుతూ ఆ ఊరి గురించి ఇంకోసారి బాధపడుతుంది.

ఈ కరుణాసముద్రంలో ఈదేవాళ్లందరిదీ ఒకటే సిద్ధాంతం. ఊరికి వయసైపోయింది, కాలం మారింది, ఎవరేం చేస్తారు పాపం! వినడానికి ఎంత హాయిగా ఉంటుందో. కాలం మీద కేసు పెట్టలేం కదా. కాలానికి నోటీసు ఇవ్వలేం, దాన్ని ఎన్నికల్లో ఓడించలేం. కానీ ఈ పట్నాల్లో నాలుగు వీధులు తిరిగి, గోడలకి అతికించిన శిలాఫలకాలు చదివితే వేరే కథ తెలుస్తుంది. ఊరు చితికిన ప్రతి మలుపులోనూ ఒక ఫైలు ఉంది. ఆ ఫైలు మీద ఒక సంతకం, ఆ సంతకానికి ఒక సభ, ఆ సభకి ఒక కొబ్బరికాయ. శాపాలు తగిలి పోయిన ఊరు నాకింతవరకు కనబడలేదు. అన్నీ సంతకాలు తగిలి పోయినవే.

మొదటి సంతకం బైపాస్‌ది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి తీసుకోండి. పాతవాళ్లకి 7వ నంబరు రోడ్డంటేనే తెలుస్తుంది. ఒకప్పుడు ఆ రోడ్డు ప్రతి ఊరినీ పలకరించుకుంటూ పోయేది. బస్సు ఊళ్లోకి దూరేది, బస్టాండులో పది నిమిషాలు ఆగేది. ఆ పది నిమిషాల మీద ఒక పట్నం బతికేది. కిటికీ పక్కన పరుగెత్తుతూ ఉడకబెట్టిన శెనక్కాయలమ్మే పిల్లాడు, గంపలో సీతాఫలాలు పెట్టుకున్న ముసలామె, ఉగ్గాని బజ్జీ బండి, పంచరు షాపు, లాడ్జి, లాడ్జి కింద సెలూను, సెలూనులో చదివిన పేపరే మళ్లీ చదివే ముగ్గురు పెద్దమనుషులు. నాలుగు వరసల రోడ్డొచ్చి, ట్రాఫిక్ బాధ వదిలిస్తామంటే వాళ్లే చప్పట్లు కొట్టారు. ట్రాఫిక్ బాధ నిజంగానే వదిలింది. దాని వెంటే గిరాకీ బాధ, తీరిక లేని బాధ, చిల్లర లేదనే బాధ కూడా వదిలిపోయాయి. ఇప్పుడు బస్సు ఊరు దాటి పదిహేను కిలోమీటర్లు పోయాక, పొలాల మధ్య ఒక దాబా దగ్గర ఆగుతుంది. అక్కడ డ్రైవర్‌కి భోజనం ఫ్రీ. ప్యాసింజర్ తినే ఇడ్లీ ప్లేటు ధరలో ఆ భోజనం ఖర్చూ కలిసే ఉంటుంది.

ఆ పట్నం ఇప్పుడు ఆకుపచ్చ బోర్డు మీద ఒక బాణం గుర్తు. వంద స్పీడులో పోతుంటే ఆ బాణం అరక్షణం కనబడుతుంది. పట్టించుకుని దిగాలంటే సర్వీసు రోడ్డు పట్టుకోవాలి, అండర్‌పాస్‌లో నిలిచిన వాననీళ్లు దాటాలి, ఎదురుగా రాంగ్‌రూట్‌లో వచ్చే ట్రాక్టర్‌కి దారివ్వాలి. ఇంత తపస్సు ఎవడు చేస్తాడు? పైగా 2025లో, 3,000 రూపాయలు కడితే 200 సార్లు టోల్‌గేట్లు దాటే వార్షిక పాసు కూడా వచ్చింది. దాటడానికే పాసు, ఆగడానికి కాదు. రెండు టోల్‌ప్లాజాల మధ్య కనీసం 60 కిలోమీటర్ల దూరం ఉండాలని రూలుంది. ఎన్ని కిలోమీటర్లకో ఊరు బతికుండాలని మాత్రం ఏ రూలూ లేదు.

అదే రోడ్డు మీద గుత్తి వస్తుంది. కొండ మీద కోట హైవే నుంచే కనిపిస్తుంది కాబట్టి దిగక్కర్లేదన్నది మన యాత్రికుల పాలసీ. జనం ఇట్లా వదిలిపోవడం గుత్తికి కొత్తేం కాదు లెండి. దత్త మండలాలకి కలెక్టర్‌గా చేసి, తర్వాత మద్రాసు గవర్నర్ అయిన థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోతే, తీసుకొచ్చి గుత్తిలో పూడ్చారు. కొన్నేళ్లకే ఆ ఎముకలు మద్రాసు కోటలోని చర్చికి తరలిపోయాయి. చచ్చిపోయిన గవర్నర్‌కే గుత్తిలో పోస్టింగ్ నచ్చక ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుంటే, బతికున్న డాక్టర్లని, జూనియర్ లెక్చరర్లని, తహసీల్దార్లని ఏమనగలం? వాళ్లు కనీసం సోమవారం వచ్చి శుక్రవారం పోతారు.

ఇంకొంచెం దక్షిణానికి పోతే పెనుకొండ. 1565 యుద్ధంలో ఓడి, హంపి పాడుబడ్డాక, విజయనగర రాజులు రాజధాని పెట్టుకున్న ఊరు. ఆ మండలంలోనే, ఎర్రమంచి దగ్గర, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ రావడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు, రాయలసీమలో పని పుట్టించినవాడి కాళ్లు మొక్కొచ్చు. కాకపోతే ఒక చమత్కారం చూడండి. అక్కడ తయారైన కారే హైదరాబాద్ షోరూముకి పోయి, దండ వేయించుకుని, నిమ్మకాయలు తొక్కి, లాంగ్ వీకెండ్‌కి పెనుకొండ బోర్డు పక్కనుంచే బెంగళూరు దూసుకుపోతుంది. లోపల కూర్చున్నవాళ్లు కిటికీలోంచి చూసి "హిస్టారికల్ ప్లేస్ అట" అనుకుంటారు.

రెండో రకం సంతకం అధికారానిది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. పాలన జనం దగ్గరికొచ్చిందన్నారు, కొంత వచ్చింది కూడా. కానీ తాలూకా పట్నం అని ఒక హోదా ఉండేదే, ఆ హోదా చుట్టూ అల్లుకున్న దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు, వకీళ్లు, పేషీ ఉన్న రోజు కిటకిటలాడే మెస్సులు, వాటి మాట ఎవరూ అడగలేదు. ఆ తర్వాత జిల్లాల పండగ వచ్చింది. తెలంగాణలో 2016 దసరాకి పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26. అప్పటినుంచీ ప్రతి పట్నానికీ ఒకే మందు: జిల్లా. ఆసుపత్రిలో డాక్టర్ లేడా? జిల్లా చేస్తే వస్తాడు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు లేడా? జిల్లా అయితే అన్నీ అవే వస్తాయి. రాస్తారోకోలు, వంటావార్పులు, నోటికి నల్లగుడ్డలు. గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్ అట్లా గొడవపడే సంపాదించుకున్నాయి. హిందూపురం అడిగింది, పుట్టపర్తికి దక్కింది. బెల్లంపల్లి అడిగింది, మంచిర్యాలకి దక్కింది. దక్కినవాళ్లకి ఒక కలెక్టరేట్ బిల్డింగు వచ్చింది. అది ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, గుట్టల మధ్య, ఆటోకి వంద రూపాయలయ్యే చోట. పాలనని జనం దగ్గరికి తీసుకురావడమంటే ఏంటో అక్కడికి నడిచి వెళ్లి పింఛను అర్జీ ఇచ్చిన ముసలివాళ్లని అడగాలి.

బెల్లంపల్లి పేరెత్తాను కాబట్టి బొగ్గు సంగతి. 1990ల మొదట్లో సింగరేణిలో కార్మికులు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంటారు. బొగ్గు తగ్గిందా అంటే అదీ లేదు. ఏడాదికి 70 మిలియన్ టన్నుల దాకా తవ్వుతున్నారు. భూగర్భ గనులు మూసి ఓపెన్‌కాస్టులు తెరిచాక, తట్టా పారా పట్టుకునే మనిషి పోయి, డంపర్లు వచ్చాయి. డంపర్ టీ తాగదు. డంపర్ బతుకమ్మకి చీర కొనదు, జీతం రోజు సారా దుకాణం ముందు గొడవ పెట్టుకోదు, కొడుకుని టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించదు. అందుకని బెల్లంపల్లి, ఇల్లందు లాంటి ఊళ్లు బొగ్గు మీద కూర్చునే చల్లారిపోయాయి.

ఇక ఫ్యాక్టరీలు. బోధన్ పోయి చూడండి. 1937లో నిజాం జమానాలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. దాని చుట్టూ శక్కర్‌నగర్ అని ఒక ఊరే లేచింది. 2002లో ప్రభుత్వం తన వాటాలో పెద్ద భాగం ప్రైవేటు చేతికిచ్చింది. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. మూతపడిందని మీరనుకుంటారు గానీ, అందులో ఒక విభాగం నేటికీ ఫుల్ కెపాసిటీతో నడుస్తోంది: హామీల విభాగం. ఐదేళ్లకోసారి దానికి క్రషింగ్ సీజన్. అన్ని పార్టీల నాయకులూ గేటు ముందుకొచ్చి, మైకు పట్టుకుని, తెరిపిస్తామంటారు. కమిటీ వేస్తారు, కమిటీ వచ్చి తుప్పు చూసి పోతుంది. రిపోర్టు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు. చెరుకు రైతు మాత్రం గుర్తుంచుకున్నాడు. ఎన్నాళ్లు ఎదురుచూడాలో లెక్కవేసుకుని, వరి, పసుపు, సోయా వేసుకున్నాడు.

కాలం మారిందనే వాదం ఉంది చూశారా, దానికి కాగజ్‌నగర్‌లో పెద్ద చిక్కొచ్చిపడింది. అక్కడి సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది. కంప్యూటర్ల కాలంలో కాగితం ఎవడికి కావాలి, మూతపడక ఏం చేస్తుంది అని జ్ఞానులు తీర్మానించారు. నాలుగేళ్లు జీతాల్లేక జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. 2018లో ఇంకో కంపెనీ తీసుకుంది, ప్రభుత్వం రాయితీలిచ్చింది, మిల్లు మళ్లీ తిరిగింది. కాలం అదే. కంప్యూటర్లు ఇంకా పెరిగాయి. మరి మిల్లు ఎట్లా తిరిగింది? మూయడం ఒక నిర్ణయం, తెరవడం ఒక నిర్ణయం. మధ్యలో నాలుగేళ్లు పస్తులున్నవాళ్ల బతుకుని మనం కాలమహిమ ఖాతాలో రాసేశాం.

నల్లమల అంచున మార్కాపురం ఉంది. నా తరంవాళ్లు అక్షరాలు దిద్దిన నల్ల పలకకి పుట్టిల్లు అదే. కొండల్లోంచి పొరలు పొరలుగా రాయి తీసి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి దేశమంతా పంపేవాళ్లు. నోటుబుక్కులొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి, కొన్ని పలకల కార్ఖానాలు ఇళ్లకి పరిచే బండల వ్యాపారంలోకి మారాయి, చాలావాటికి తాళాలు పడ్డాయి. ఇంతవరకు నిజంగానే కాలమే చేసిందని ఒప్పుకుంటాను. ఆ తర్వాతి ఘట్టం మాత్రం కాలం చేసింది కాదు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచింది, అందులో బైజూస్ పాఠాలు పోసింది. ఇరవై నెలలు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా విచారణకెక్కింది. రాతిపలక కంపెనీ ఏదీ ఇంత వేగంగా మునిగిన దాఖలా లేదు. కిందపడితే పలకా పగులుతుంది, ట్యాబూ పగులుతుంది. పలక పగిలితే రెండు ముక్కల మీదా రాసుకునేవాళ్లం.

రైలు సంగతి చెప్పకపోతే రైల్వే శాఖ నొచ్చుకుంటుంది. కరోనాలో బండ్లు ఆగాయి. కరోనా పోయింది, బండ్లొచ్చాయి, చాలా చిన్న స్టేషన్లలో హాల్టులు మాత్రం రాలేదు. ప్యాసింజర్ బండికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, పది రూపాయల కనీస టికెట్‌ని ముప్పై చేశారు. బండి అదే, పెట్టెలు అవే, ఆలస్యం కూడా పాతదే, పేరొక్కటే ఎక్స్‌ప్రెస్. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దించారు. ఈలోగా రోజూ జిల్లా కేంద్రానికి పోయి కూలి చేసుకొచ్చే మనిషి అక్కడే రేకుల గది అద్దెకి తీసుకున్నాడు. టికెట్ ధర దిగింది గానీ, అతను తిరిగి ఎక్కలేదు.

అలాగని ఈ పట్నాల్లో వ్యాపారం లేదనుకోకండి. గోల్డ్ లోన్ ఆఫీసులు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్నాయి. ఊరంతటికీ ఏసీ ఉన్నది అక్కడే. కాబట్టి పుస్తెలతాడు కుదువ పెట్టడానికొచ్చిన ఆడమనిషి కనీసం చల్లగా కూర్చుని ఏడవొచ్చు. రెండోది ఫ్లెక్సీ ప్రింటింగ్. ఉన్నత చదువుల కోసం అమెరికా వెళ్తున్న తమ్ముడికి శుభాకాంక్షలు, ఆ పక్కనే ఆ తమ్ముడి తాతగారికి అశ్రునివాళి. ఊరి జనాభా ఎటు పోతోందో తెలుసుకోవడానికి సెన్సస్ వాళ్లు ఇల్లిల్లూ తిరగక్కర్లేదు, ఫ్లెక్సీ షాపువాడి హార్డ్‌డిస్కు చూస్తే సరిపోతుంది. మూడోది వెంచర్లు. ఊరిబయట కంకర తేలిన చేలల్లో తెల్లరాళ్లు పాతి, హైవే టచ్, క్లబ్ హౌస్, అవెన్యూ ప్లాంటేషన్ అని ఆర్చీలు కట్టారు. ఊళ్లో ఇళ్లు ఖాళీ అవుతున్నాయి, బయట ప్లాట్లు అమ్ముడవుతున్నాయి. కొనేవాడు అక్కడ ఉండడు, అమ్మేవాడూ ఉండడు. ఆ రాళ్ల మధ్య ఉండేవి మేకలు. అవి మాత్రం ఏ రిజిస్ట్రేషన్ లేకుండా అవెన్యూ ప్లాంటేషన్ తిని బతుకుతున్నాయి.

పురపాలక సౌందర్యం మరిచిపోయాను. ప్రతి పట్నం నడిబొడ్డునా ఇప్పుడు ఆరడుగుల ఎర్ర ప్లాస్టిక్ హృదయం ఉంటుంది. దానికి అటూ ఇటూ ఇంగ్లిషు అక్షరాల్లో "ఐ లవ్" అనీ, ఊరి పేరూ. నేను చూసిన ఒక ఊళ్లో చివరి రెండు అక్షరాలు గాలివానకి రాలిపోయి, ఆ ఊరి ప్రేమ సగం పేరు దగ్గరే ఆగిపోయింది. ఇంకా ప్రేమించేవాళ్లు ఎవరా అని చుట్టూ చూస్తే, ఎదురుగా ఓపెన్ జిమ్. భుజాలు పెంచే మిషన్ మీద ఒక పెద్దాయన లుంగీ ఆరేసుకున్నాడు. నడుము తిప్పే పళ్లెం మీద ఎండుమిరపకాయలు పోసి ఉన్నాయి. పెద్దాయన పక్కనే గట్టు మీద కూర్చుని వాటికి కాపలా కాస్తున్నాడు. కండలు పెంచాల్సిన వయసువాళ్లంతా హైదరాబాద్ మియాపూర్ హాస్టళ్లలో ఉన్నారని పాపం ఆ జిమ్ మంజూరు చేసిన ఇంజనీరుకి ఎవరు చెప్పాలి? ఆ ఇంజనీరు కొడుకూ అక్కడే ఉండి ఉంటాడు.

పక్క వీధిలో ఇంకో అద్భుతం. చెక్కబాల్కనీ ఉన్న పాత మిద్దె కనబడితే, మాలోని కరుణ పొంగి, గేటు ముందు కారాపాం. ఫోను పైకెత్తానో లేదో, గోడ మీంచి గొంతు: "అన్నా, గేటుకి అడ్డం లేకుండా పెట్టుకోండి కారు." చుట్టూ మనిషి లేడు. గూట్లో చిన్న తెల్ల కెమెరా, దానికే మైకు, స్పీకరు. మాట్లాడే పెద్దమనిషి టెక్సాస్‌లో ఉన్నాడు, అక్కడ అర్ధరాత్రి. నిద్ర పట్టక ఊరు చూసుకుంటున్నాడట. మర్యాదస్తుడు, మమ్మల్ని కసురుకోలేదు సరికదా, కాసేపు ఉండమన్నాడు.

"అక్కడ వాన పడతా ఉందా అన్నా? కెమెరాలో సరిగ్గా తెలీట్లేదు."

"తుంపర పడుతోంది."

"వాసనొస్తా ఉందా?"

వస్తోందని చెప్పాను. ఆ గొంతు ఒక్క నిమిషం ఆగింది. తర్వాత బరువుగా అంది: "ఏం లాభమన్నా, ఊరు పాడైపోయింది. ఒక్కడూ ఉండట్లేదు ఊళ్లో."

ఈ వాక్యాన్ని ఎనిమిదివేల మైళ్ల దూరం నుంచి, స్పీకర్లో, ఎలాంటి సంకోచం లేకుండా అనగలగడమే మన తరం సాధించిన ప్రగతి. అయితే అతణ్ని తప్పుపట్టే హక్కు నాకూ లేదు, ఈ వ్యాసం చదివే మీకూ లేదు. ఆ ఊళ్లో ఇంటర్ తర్వాత చదువు లేదు, చదివితే పని లేదు, పనిలేనివాడికి పిల్లనిచ్చేవాడు లేడు. అతను పోక ఏం చేస్తాడు?

ఆ చెక్కబాల్కనీల అందం గురించి కూడా ఒక మాట. మనం ఫోటోలు తీసుకునే ఆ అరుగుల మీద ఒకప్పుడు ఎవరు కూర్చునేవారో, చెప్పులు చేతపట్టుకుని కింద ఎవరు నిలబడేవారో ఫోటోలో పడదు. కింద నిలబడ్డ ఇంటివాళ్ల పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో డెలివరీ బండి నడుపుతూ, బెంగళూరులో సెక్యూరిటీ పని చేస్తూ, మీరెవరి పిల్లలని ఎవరూ అడగని చోట బతుకుతున్నారు. వాళ్లలో ఎవరైనా ఆ అరుగు ముందు కారాపి, పాతకాలపు రంగు పులిమి, నిట్టూర్చడం నేను చూడలేదు. ఊరి మీద బెంగ కూడా అరుగు ఉన్నవాళ్లకే ఉంటుంది. లేనివాళ్లకి ఊళ్లో కావలసినవి వేరే ఉన్నాయి: ఆరు దాటాక ఒక బస్సు, ఆసుపత్రిలో రాత్రిపూట ఒక డాక్టరు. ఆసుపత్రికి బోర్డు మీద వంద పడకలుంటాయి. రాత్రి తొమ్మిదికి కాన్పు నొప్పులతో పోతే, ఒక చీటీ మీద పెద్దాసుపత్రి పేరు రాసి 108 ఎక్కిస్తారు. బైపాస్ అప్పుడొక్కసారి అక్కరకొస్తుంది, కర్నూలు తొందరగా చేరొచ్చు.

టీ బంకు దగ్గర ఒకాయన నా కరుణకి చక్కగా గాలి తీశాడు. బంకు వెనక పాత రాతి సత్రం ఉంటే, అటూ ఇటూ తిరిగి ఫోటోలు తీసుకుంటున్నాను. ఆయన చూసి చూసి, గ్లాసు కడుగుతూ అన్నాడు: "ఫోటోకి దుడ్లు ఇయ్యొద్దులే సార్. టీ తాగితే ఇయ్యండి." తాగాను. బాగుంది. ఇంకోటి తాగాను. సత్రం గురించి ఏమైనా చెబుతాడేమోనని కదిలిస్తే, దాని చరిత్ర తనకి తెలీదనీ, దాని గోడ పడి మొన్న వానల్లో పక్కింటి బర్రె చచ్చిపోయిందనీ, పరిహారం రాలేదనీ చెప్పాడు. వారసత్వ కట్టడాల మీద ఇంతకంటే సూటిగా ఎవరైనా రాసిన రిపోర్టు నేను చదవలేదు.

మన దుఃఖం ఇంత పెద్దది, ఖర్చు పెట్టడానికి జేబులూ ఉన్నాయి కాబట్టి, ప్రభుత్వానికి నాదొక మనవి. ఫ్యాక్టరీలు తెరవడం, డాక్టర్లని నిలబెట్టడం, రాత్రి బస్సు వెయ్యడం మీకు కుదరని పని, ఒప్పుకుందాం. ఈ పట్నాలన్నిటినీ కలిపి ఒక టూరిజం సర్క్యూట్ ప్రకటించండి. పేరు "మన ఊరు, మన శిథిలం" అని పెట్టొచ్చు. బైపాస్ మొదట్లోనే టికెట్ కౌంటరు. మనిషికి యాభై, కెమెరాకి వంద, నిట్టూర్పుకి జీఎస్టీ అదనం. మూతపడ్డ హాల్లో సాయంత్రం ఆరింటికి బ్లాకులో టికెట్లమ్మే ప్రదర్శన. బస్టాండులో ఒక పాత ఎర్రబస్సు ఆపి, దాని కిటికీ పక్కన పరుగెత్తుతూ శెనక్కాయలమ్మే పిల్లాడు, బాలకార్మిక చట్టం ఇబ్బంది పెడితే పొట్టివాళ్లని తీసుకోవచ్చు. అరుగుల మీద కూర్చుని పేపరు చదవడానికి ముగ్గురు పెద్దమనుషులు, పది నుంచి ఐదు దాకా, లంచ్ బ్రేక్ ఒక గంట.

ఉద్యోగాలన్నీ అవుట్‌సోర్సింగ్ పద్ధతిలోనే ఇస్తారు, అది మామూలే. ఏజెన్సీ కమిషన్ పోగా మిగిలింది మూడు నెలలకోసారి పడుతుంది. ముఖం చూపించి హాజరు వేసే యాప్ ఉంటుంది, ఆ ఊళ్లో సిగ్నల్ ఉండదు. పోస్టులు స్థానికులకే ఇవ్వాలని అన్ని పార్టీలూ ఏకగ్రీవంగా తీర్మానిస్తాయి. ఇంటర్వ్యూలు హైదరాబాద్‌లో జరుగుతాయి. ఊరివాళ్లంతా ఉండేది అక్కడే కాబట్టి ఎవరికీ దారి ఖర్చు ఉండదు, ఒక్క ఆ టీ బంకాయనకి తప్ప.